నింపిన ఫీల్డ్ మళ్లీ నల్ అవుతుంటే: నా అనుభవం

జావాలో రాసిన ఒక చైల్డ్ క్లాస్‌లో (పేరెంట్ అనే మరో క్లాస్ ఆధారంగా రాసిన క్లాస్), ఆబ్జెక్ట్ తయారవుతున్నప్పుడే నింపిన ఫీల్డ్ (ఆబ్జెక్ట్‌లో విలువను దాచే చోటు) తర్వాత చూస్తే నల్‌గా, అంటే ఖాళీగా ఉండేది. థ్రెడ్‌లను అనుమానించాను, క్యాష్ తుడిచాను, లైబ్రరీ వెర్షన్ మార్చాను, ఏదీ ఫలించలేదు.

చివరికి పేరెంట్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) మొదటి వరుసలో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ను ఆపే గుర్తు) పెట్టి, ఒక్కొక్క వరుసే నడిపించాను. ఆ కన్‌స్ట్రక్టర్ పిలుస్తున్న మెథడ్‌ను చైల్డ్ క్లాస్ ఓవర్‌రైడ్ చేసింది (అదే పేరుతో తన సొంత కోడ్ రాసుకుంది) కనుక చైల్డ్ మెథడే నడిచి ఫీల్డ్‌ను నింపుతోంది. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ముగిసిన వెంటనే, డిక్లరేషన్‌లో నేను అలవాటుగా రాసిన నల్ కేటాయింపు అమలై ఆ విలువను చెరిపేస్తోంది. ముందుగా ఆ కేటాయింపును మాత్రమే తీసేసి చూశాను. విలువ నిలిచింది, కారణం రూఢి అయింది. అయితే రేపు మరొకరు ఏదైనా తొలి విలువ రాస్తే తప్పు తిరిగి వస్తుంది. అందువల్ల పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నుంచి ఆ పిలుపునే తొలగించి, చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌ను బయటి నుంచి పిలవలేనట్టు ప్రైవేట్ చేసి, ఆబ్జెక్ట్ పూర్తిగా తయారయ్యాకే ఆ మెథడ్‌ను పిలిచే స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్ రాశాను. ఆ ఫీల్డ్‌ను పరీక్షించే యూనిట్ టెస్ట్‌ను కూడా జోడించాను.

పేరెంట్ క్లాస్ మన చేతిలో లేకపోతే ఈ మార్గం కుదరదు. ఇతర భాషలకూ ఇది యథాతథంగా వర్తించదు: సీ షార్ప్‌లో ఫీల్డ్ తొలి విలువలు బేస్ (పేరెంట్) కన్‌స్ట్రక్టర్ కంటే ముందే అమలవుతాయి, సీ ప్లస్ ప్లస్‌లో బేస్ కన్‌స్ట్రక్టర్ నడిచే దశలో చైల్డ్ మెథడ్ కాక బేస్ మెథడే నడుస్తుంది.