మొలాసిస్ కుకీలు అప్పడాల్లా పరుచుకుపోతుంటే ఇలా సరిచేశా

అమెరికాలో, ఒహాయోలో మా పక్కింటి పెద్దావిడ, మొలాసిస్ (చెరకురసం మరిగించి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం) కుకీలకి వాళ్ళమ్మగారు చేత్తో రాసిన రెసిపీ కార్డు చూసి రాసుకోనిచ్చారు, అందులో డిగ్రీలు లేవు, మోడరేట్ ఓవెన్ అని మాత్రమే ఉంది, అంటే 350 ఫారెన్‌హీట్. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ అప్పడాలే, పైగా చేదు. తీరా చూస్తే నేను తెచ్చింది బ్లాక్‌స్ట్రాప్ అనే రకం మొలాసిస్, చెరకురసం మూడోసారి మరిగించాక మిగిలే పాకం, అది చేదుగానే ఉంటుంది, మామూలు మొలాసిస్ తీసుకోండి. ఇంకోటి, కార్డులో షార్ట్నింగ్ (డాల్డా లాంటి గట్టి కొవ్వు) ఉంటే నేను మొత్తం బటర్ వేసేశా, అది తొందరగా కరిగిపోతుంది కదా. ఈసారి రెండూ చెరిసగం వేసి, ముద్దని 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, ఉండలు చేసి పంచదారలో దొర్లించి 10 నిమిషాలు బేక్ చేశా. వంటసోడా మాత్రం మార్చకండి, మొలాసిస్‌లో పులుపుతో కలిసి పొంగించేది అదే. పైన పగుళ్ళు, లోపల మెత్తగా ఎంత బాగొచ్చాయో! ఆవిడ ఒకటి తిని, అచ్చం అమ్మ చేసినట్టే ఉంది అన్నారు, నాకు కళ్ళు చెమర్చాయి.