పిల్లల కోసం సాహస రహస్య నవల – 4వ పాఠం: ఆధారాన్ని కళ్లెదుటే దాచడం

గత పాఠంలో చివరి అధ్యాయం నుంచి వెనక్కి నడిచాం. తప్పు చేసినవాడు ఎవరు, ఏం చేశాడు, ఎందుకు చేశాడు, ఎక్కడ తడబడ్డాడు అనే నాలుగు ప్రశ్నలకూ మీ నోటుపుస్తకంలో జవాబులు ఉండాలి. ‘ఎందుకు’ ఇంకా తేలకపోయినా ఫరవాలేదు, రాస్తూ ఉండగా తేలుతుంది. ‘ఎక్కడ తడబడ్డాడు’ తేలకపోతే మాత్రం ఈ పాఠాన్ని పక్కన పెట్టి ముందు ఆ పని పూర్తిచేయండి. ఈ రోజు పనంతా ఆ తడబాటు మీదే.

మన పాఠకులకు 8 నుంచి 12 ఏళ్లు. ఆ వయసులో రహస్య కథ చదివేవారు చేసే ఒక పని నాకు ఎంతో ఇష్టం. చిక్కుముడి విడిపోగానే వాళ్లు పుస్తకంలో వెనక్కి వెళతారు. ‘అది నిజంగా అక్కడ ఉందా?’ అని పేజీలు తిప్పి వెతుకుతారు. ఉంటే ఆ రచయితను ఇక వదలరు. లేకపోతే తమను మోసం చేశారని తేల్చేస్తారు, ఆ రచయిత రెండో పుస్తకం ముట్టరు. కాబట్టి ఆధారం మొదటిసారి చదివినప్పుడు ఆధారంలా కనిపించకూడదు. రెండోసారి వెతికినప్పుడు అదే పేజీలో, అవే మాటల్లో కనిపించి తీరాలి.

ఈ న్యాయం కొత్తది కాదు. బ్రిటిష్ రచయిత, మతాచార్యుడు రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికీ చూపించాలన్నది వాటిలో ఒకటి. పరిశోధకుడికి అదృష్టం కలిసొచ్చి ముడి విడిపోకూడదన్నది మరొకటి. మిగతా నియమాల్లో కొన్నింటికి కాలం చెల్లింది, ఈ రెండింటికీ చెల్లలేదు. పిల్లల పుస్తకాలకైతే ఇవి మరింత అవసరం.

అదే ఏడాది జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ పిల్లల నవల ‘ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్’ వెలువడింది. రైలు ప్రయాణంలో డబ్బు జారిపోకుండా ఎమిల్ నోట్లను గుండుసూదితో కోటు లోపల గుచ్చుకుంటాడు. నిద్రపోతున్న సమయంలో అవి పోతాయి. చివరికి ఆ నోట్లు తనవేనని నిరూపించేవి వాటికి పడ్డ సూది రంధ్రాలే. మొదట చదివినప్పుడు ఆ సూది జాగ్రత్తగల పిల్లవాడి అలవాటుగానే తోస్తుంది. ఆధారం పాత్ర స్వభావంలో కలిసిపోయింది. పైగా దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్దవాళ్ల సాయమేమీ అక్కర్లేదు.

మీ ఆధారాన్ని ముందుగా పరీక్షించాల్సింది ఇక్కడే. వేలిముద్రల పరీక్ష, ఫోను కాల్ రికార్డులు, బ్యాంకు ఖాతా వివరాలు పిల్లల చేతికి అందవు. వాళ్ల దగ్గర ఉన్నవి చురుకైన కళ్లు, ముక్కు, అలసట ఎరగని కాళ్లు, బడిలో నేర్చిన ఎక్కాలు. అంతకన్నా పెద్ద ఆయుధం ఇంకొకటి ఉంది. పిల్లలు పక్కనే ఉన్నారని పెద్దలు మాటలు ఆపరు. ఈ సామగ్రితో తేలని ఆధారమైతే మార్చేయండి.

ఇప్పుడు ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. సముద్రపు ఒడ్డున ఒక గుహ ఉంది. ఆటు సమయంలో ఇసుక దారి తేలినప్పుడే దానిలోకి నడిచి వెళ్లగలం. గుహలోని పెట్టె మాయమైంది. ‘పోయిన శనివారం సాయంత్రం నాలుగింటికి నడిచి వెళ్లి చూశాను, పెట్టె అక్కడే ఉంది’ అంటాడు ఒకాయన. ఈ రోజూ శనివారమే. నాలుగింటికి దారి తేలి ఉంది కాబట్టి అందరూ నమ్ముతారు. కానీ ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి. ఏడు యాభైలు మూడు వందల యాభై, అంటే దాదాపు ఆరు గంటలు. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో ఆటు నుంచి పోటుకు పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. పోయిన శనివారం నాలుగింటికి అక్కడ నిండు పోటు. నడిచి వెళ్లడం అసాధ్యం, ఆయన అబద్ధం చెప్పాడు. (రోజుకు ఒకే పోటు వచ్చే తీరాలూ ఉన్నాయి. మీ కథ అక్కడ జరిగితే ఈ లెక్క పనికిరాదు. పిల్లలకు రాసేటప్పుడు ఇలాంటి విషయాల్లో పొరపాటు ఉండకూడదు.)

ముడి బాగుంది. ఆ 50 నిమిషాల సంగతి పాఠకుడికి ముందే చెప్పాలి. మొదటి ప్రయత్నం చాలామంది ఇలా రాస్తారు:

“ఆటుపోట్లు రోజూ ఒకే సమయానికి రావు. ఈ రోజు కన్నా రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం” అని తాతయ్య వివరించాడు. కావ్య తల ఊపింది.

ఇది సైన్సు పాఠం. సగం మంది పిల్లలు దాటేస్తారు. మిగతా సగం ‘ఇది తర్వాత పనికొస్తుంది’ అని వెంటనే పసిగడతారు. రెండూ నష్టమే. ఇప్పుడు ఇది చదవండి:

“నిన్న ఇదే వేళకు దారి తేలింది కదక్కా!” అని చిన్ను విసుక్కున్నాడు. రాళ్ల మధ్య నీళ్లు ఇంకా మోకాలి లోతున ఉన్నాయి.
“నాకేం తెలుసు? కాసేపు కూర్చో” అంది కావ్య.
చిన్ను కూర్చోలేదు. కోపంగా నీళ్లను తన్నాడు. కుడికాలి చెప్పు ఊడి, గిరగిరా తిరిగి అల మీద పడింది.
“అక్కా! నా చెప్పు!”
ఇద్దరూ నీళ్లలోకి పరుగెత్తారు. చెప్పు చేతికి దొరికేసరికి బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఇసుక దారి కూడా తేలింది.

ఆధారం మొదటి వాక్యంలోనే ఉంది, ఎవరూ వివరించలేదు. అది గుహకు వెళ్లాలన్న తొందరలోంచి, తమ్ముడి విసుగులోంచి వచ్చింది. వెంటనే చెప్పు నీళ్లలో పడింది కాబట్టి పాఠకుడి చూపు దాని వెంటే వెళ్లింది. మర్నాడు అడిగితే పిల్లలు చెప్పు సంగతి చెబుతారు, దారి ఆలస్యంగా తేలిన సంగతి చెప్పరు. అయినా అది వాళ్ల మనసులో ఎక్కడో ఉంటుంది.

ఒక్కసారి చెబితే చాలదు. రెండు అధ్యాయాల తర్వాత అదే సంగతిని వేరే రూపంలో చూపించండి. రేవులో పడవ బయలుదేరే సమయాన్ని ఎవరో రోజూ తుడిచి సుద్దముక్కతో మళ్లీ రాస్తున్నారు. కావ్య పలక ముందు నుంచి నడిచి వెళ్లిపోతుంది, అంతే. ఆయన అబద్ధం చెప్పే అధ్యాయంలో మాత్రం దాన్ని మూడోసారి చూపించొద్దు. ఆధారానికీ అబద్ధానికీ మధ్య కనీసం ఒక పరుగు, ఒక భయం, ఒక తగాదా గడవనివ్వండి.

నా రాతప్రతి ఒకటి పదేళ్ల అబ్బాయికి చదివి వినిపించాను. నాలుగో అధ్యాయంలోనే దొంగ పేరు చెప్పేశాడు. ఎలా తెలిసిందని అడిగితే “ఆ గొడుగు గురించి అన్ని మాటలు ఎందుకు చెప్పారు?” అన్నాడు. గదిలోని మిగతా వస్తువులకు ఒక్కో మాట, గొడుగుకు రెండు పూర్తి వాక్యాలు రాశాను. ఆ కొలతే అతనికి దారి చూపింది. అప్పటి నుంచి ముఖ్యమైన వస్తువును మూడింటిలో మధ్య ఉంచుతున్నాను: గోడకు వేలాడే టోపీ, తడిసిన గొడుగు, దాని పక్కనే గుర్రుమంటున్న పిల్లి. పిల్లి అందరికీ గుర్తుంటుంది.

తప్పుదారి పట్టించే ఆధారాలకు వచ్చే పాఠం మొత్తం కేటాయిస్తాను. వాటి తొందర ఇప్పుడు వద్దు.

ఈ వారం అభ్యాసం: మీ నేరస్థుడి తడబాటును పట్టించే ఒక్క సంగతిని ఎంచుకుని 150 మాటల సన్నివేశం రాయండి. పిల్లలకు ఆ సన్నివేశంలో ఏదో ఒకటి కావాలి, అది వెంటనే దొరకకూడదు. ఆధారం మొదటి సగంలో రావాలి, రెండో సగంలో ఏదైనా పడాలి, పగలాలి లేదా పారిపోవాలి. రాశాక తెలిసిన పిల్లలకు చదివి వినిపించండి, ఏమీ అడగకండి. మర్నాడు ‘ఆ సన్నివేశంలో ఏం జరిగింది?’ అని మాత్రం అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీరు దాచిన సంగతిని వాళ్లు మొదటే చెబితే దాన్ని తగ్గించండి. ఎంత అడిగినా గుర్తురాకపోతే ఇంకో మాట కలపండి. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, 5వ పాఠం దాంతోనే మొదలవుతుంది.