కాఫీ పండు కోతకు ముందు: కాయతొలుచు పురుగుతో జాగ్రత్త

నవంబరు వస్తుందంటే పాడేరు, చింతపల్లి, అరకు కొండల మీద కాఫీ పండు ఎర్రబడుతుంది. ఈసారి బుట్ట పట్టుకునే ముందు తోటంతా ఒకసారి నడవండి. అక్కడక్కడా ఆగి కాయ కొన చూడండి, పువ్వు రాలిన చోట బొడ్డులా ఉంటుందే, అక్కడ. సూదితో గుచ్చినట్టు రంధ్రం ఉంటే కాయను బ్లేడుతో కోయండి. గింజలో సొరంగం, పొడి, నువ్వుగింజ కన్నా చిన్న నల్లపురుగు కనిపిస్తే అది కాయతొలుచు పురుగే, ఇంగ్లీషులో బెర్రీ బోరర్ అంటారు.

మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర బయటపడింది. 2025 ఆగస్టులో అరకు తోటల్లోనూ కనిపించింది. మన ఏజెన్సీలో లక్ష ఎకరాలకు పైగా కాఫీ ఉన్నా, అదంతా చిన్న చిన్న కమతాలే. గట్టు దాటితే ఇంకొకరి తోట. మీరు ఎంత శుభ్రం చేసినా పక్కవాళ్లు వదిలేస్తే పురుగు మళ్లీ ఎగిరొస్తుంది. అందుకే ఊరంతా కూర్చుని మాట్లాడుకుని, అందరూ ఒకే వారంలో తోటలు చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రాలిన కాయలు. పంట అయిపోయాక నేల మీద, కొమ్మల మీద ఎండిపోయి మిగిలిన కాయల్లోనే ఈ పురుగు నెలల తరబడి బతికి, కొత్త కాయ మీదికి వస్తుంది. కోసేటప్పుడు మొక్క కింద టార్పాలిన్ గానీ పాత చీర గానీ పరవండి. రాలినవి ఏరండి. అకాలంలో కాసిన కాయలను కూడా వదలొద్దు. పురుగు పట్టిన కాయలను గట్టు మీద పారేయకండి. మరుగుతున్న నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచితే లోపలి పురుగు, గుడ్లు చస్తాయి. ఆ తర్వాతే ఎండబెట్టాలి.

మందు కొడితే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. పురుగు గింజ లోపల ఉంటుంది, మందు అక్కడిదాకా పోదు. వర్షానికి కొట్టుకుపోయి మనం తాగే ఊటలో, వాగులో కలుస్తుంది. మందుల్లేకుండా పండిస్తారన్న పేరు మన కాఫీకి ఉంది, దాన్ని చేతులారా పోగొట్టుకోవద్దు. బవేరియా అనే శిలీంద్రం ఈ పురుగును చంపుతుంది. ఎప్పుడు, ఎంత వాడాలో కాఫీ బోర్డు సిబ్బందిని అడిగి వాడండి.

నీడ ఎక్కువైతే పురుగుకు అనుకూలమే. అలాగని నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లను నరికేస్తే వాటికి పాకిన మిరియాల తీగ పోతుంది, వాలులో మట్టి కూడా నిలవదు. దట్టంగా ఉన్నచోట కింది కొమ్మలు తీస్తే చాలు.

సంచుల విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు, నా భయమంతా అక్కడే. వేరే ఊరి నుంచి వచ్చిన గోనె సంచుల్లో పురుగు దాగి వస్తుంది. మీ సంచులు మీరే వాడుకోండి, వాడేముందు వేడినీళ్లలో ఉడికించి ఎండలో ఆరేయండి. పార్చ్‌మెంట్‌ను, అంటే పండు తోలు తీసి కడిగిన పొట్టు గింజను, తేమ పది శాతానికి వచ్చేదాకా ఎండబెట్టండి. తడిగా మూటకడితే పురుగు లోపలే పెరుగుతుంది.

చివరి కోత అయ్యాక ఇంట్లో ఇద్దరు బుట్టలు పట్టుకుని మొక్క మొక్కకూ మళ్లీ తిరగండి, ఈసారి నల్లబడి ఎండిన కాయల కోసమే.