పొట్టి రన్‌వే మీద టర్బోప్రాప్ – 4వ పాఠం: దింపడం

గత పాఠంలో బరువు, ఎండ, గాలి చూసుకుని ల్యాండింగ్ దూరం లెక్క కట్టాం. ఇవాళ దింపుదాం. చోటు లక్షద్వీప్‌లోని అగత్తి. రన్‌వే 1,204 మీటర్లు, రెండు కొసలా సముద్రమే. విమానం ఏటీఆర్ 72, అంటే టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిప్పే టర్బోప్రాప్.

టర్బోప్రాప్‌కి మనం కట్టిన ల్యాండింగ్ దూరం, ఉన్న రన్‌వేలో 70 శాతం దాటకూడదు. అంటే ఇక్కడ 843 మీటర్లు. మిగతా 361 మీటర్లు ఆపదకి దాచిపెట్టినవి. వాటిని ముందే ఖర్చు రాసుకోకండి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఈ దూరం చక్రాలు నేల తాకిన చోటు నుంచి కాదు, రన్‌వే మొదట్లో 50 అడుగుల ఎత్తు నుంచి కొలుస్తారు. 3 డిగ్రీల వాలులో దిగుతూ అక్కడ 60 అడుగుల మీద ఉన్నారనుకోండి, నేల తాకే చోటు దాదాపు 58 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. వేగం 105 నాట్స్ అంటే సెకనుకి 54 మీటర్లు. మెత్తగా దింపుదామని మూడు సెకన్లు గాల్లో తేలించారా, 160 మీటర్లు పోయినట్టే. ప్రయాణికులు మెచ్చుకునే ఆ మెత్తని ల్యాండింగ్ మీద ఆశ ఇక్కడ వదిలేయాలి. అనుకున్న చోట గట్టిగా ఆనించడమే మంచి ల్యాండింగ్.

అలాగని పవర్ ముందే కోసేయకండి. జెట్‌లో అలవాటైన చెయ్యి ఇక్కడే పొరపడుతుంది. పవర్ లివర్లు ఫ్లైట్ ఐడిల్‌కి (గాల్లో వాడదగ్గ అతి తక్కువ పవర్) లాగగానే ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణం తగ్గుతుంది. రెక్కకి ఆరు బ్లేడ్లు, దాదాపు నాలుగు మీటర్ల వెడల్పున గాలికి అడ్డం నిలబడతాయి. రెక్క మీద ప్రొపెల్లర్ తోసే గాలి కూడా తగ్గిపోతుంది. విమానం చటుక్కున కిందికి జారుతుంది. అందుకే ముక్కు కొద్దిగా ఎత్తుతూ, పవర్‌ని కొంచెం కొంచెంగా, ఆనే వేళకి పూర్తయ్యేలా తగ్గించాలి. ఇది చేతికి రావాలంటే సిమ్యులేటర్‌లో పదేపదే చేయాల్సిందే.

చక్రాలు ఆనాక అదే ప్రొపెల్లర్ మనకి అండ. ముక్కు చక్రం దించండి, లివర్లు గ్రౌండ్ ఐడిల్‌కి (నేల మీదే వాడే స్థానం) లాగండి. లో పిచ్ లైట్లు (బ్లేడ్ల కోణం బాగా తగ్గిందని చెప్పేవి, ఇంజన్‌కి ఒకటి) రెండూ వెలిగాయా? చూసి, పైకి చెప్పి, అప్పుడే రివర్స్ (ప్రొపెల్లర్ గాలిని ముందుకి తోసి విమానాన్ని ఆపడం). ఒక్కటే వెలిగితే రివర్స్ జోలికి పోవద్దు, విమానం ఒక పక్కకి లాగేస్తుంది. గాల్లో ఉండగా లివర్లని ఐడిల్ గేటు (ఫ్లైట్ ఐడిల్ దగ్గరుండే అడ్డు) దాటించడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

అభ్యాసం: మీరు 105 నాట్స్‌కి బదులు 115తో, 50 అడుగులకి బదులు 70 అడుగుల ఎత్తులో రన్‌వే మొదలు దాటారు. బ్రేకు దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండు తప్పులకీ ఎన్ని మీటర్లు పోయాయో విడివిడిగా కట్టండి. దింపుతారా, గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేస్తారా, కాగితం మీద రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో ఇదే లెక్కని తడిసిన రన్‌వే మీద చేద్దాం.