సిగార్ పక్కకి పది యూరోల ఫ్రెంచ్ రెడ్ వైన్

సిగార్‌కి తోడుగా ఫ్రెంచ్ రెడ్ వైన్ అనగానే చాలామంది ఫ్రాన్స్ నైరుతిలోని బోర్డో ప్రాంతపు సీసా అందుకుంటారు. చవక బోర్డోని, అందులోనూ కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష వాటా ఎక్కువున్న కొత్త వైన్‌ని నేనైతే వద్దంటాను. పొగ నోటిని ఎండగడుతుంది, ఆ వైన్‌లోని వగరూ అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే నాలుక పిడచగట్టుకుపోతుంది.

నేనుండేది లియోన్‌లో. ఇక్కణ్ణుంచి రోన్ నది వెంట దక్షిణానికి దిగితే ఒరాంజ్, అవిన్యోన్ చుట్టూ గ్రెనాష్ అనే ద్రాక్ష తోటలే. ఎండలు గట్టిగా కాస్తాయి కాబట్టి పండు బాగా తీపెక్కుతుంది, ఆల్కహాల్ 14 శాతం దాకా పోతుంది, వగరు మాత్రం మెత్తగా ఉంటుంది. సిగార్ పక్కన నిలబడేది ఇలాంటి వైనే. లేబుల్ మీద ‘కోత్ దు రోన్ విలాజ్’ అని వెతకండి, ఆ కింద ఊరి పేరు కూడా ఉంటే మరీ మంచిది. 10 యూరోల లోపు చాలానే దొరుకుతాయి. అలాంటి ఊళ్లలో 2010లో రాస్తో రెడ్ వైన్లకీ, 2016లో కేరాన్‌కీ సొంత అపెలాసియోన్ (తమ ఊరి పేరుతోనే వైన్ అమ్ముకునే అధికారిక గుర్తింపు) వచ్చింది. అవి కాస్త ఖరీదు.

సీసాని ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. 16 డిగ్రీల దగ్గర తాగాలి. వేసవిలో బల్ల మీద వెచ్చబడిన వైన్‌లో ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, పొగ తోడైతే ఇక భరించలేం.

సిగార్ వెలిగించక ముందే మొదటి రుచి చూడాలి. ఇది మాత్రం తప్పనిసరి. గ్లాసులో మూడో వంతే పోయండి. కదపకుండా ఒకసారి, తిప్పి ఇంకోసారి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని, పెదాల మధ్య నుంచి కాస్త గాలి పీల్చి, చిగుళ్ల దాకా పుక్కిలించండి. పండు రుచి ఎంతసేపు నిలిచింది, వగరు ఎక్కడ పట్టింది, కాగితం మీద రాసుకోండి. పొగ మొదలయ్యాక ఆ వివరం మళ్లీ దొరకదు.

ఇప్పుడు వెలిగించండి. గోదావరి లంకల్లో పెద్దవాళ్లు చుట్ట తాగినట్టే, పొగని మింగకుండా నోట్లోనే నిలిపి వదలండి. ఒక గుక్క మంచినీళ్లు, ఆ తర్వాత వైన్. రేగు, రాస్‌బెర్రీ లాంటి పండు రుచి పొగ మీదుగా మళ్లీ తేలిందా, జోడీ కుదిరినట్టే. చేదొక్కటే మిగిలితే ఆ సీసాని రాత్రి భోజనానికి ఉంచేయండి.

పైన లేత రంగు ఆకు చుట్టిన డొమినికన్ సిగార్లకి గ్రెనాష్ చాలు. నికరాగ్వా సిగార్లలో మిరియం ఘాటుంటుంది, వాటికి సిరా అనే ద్రాక్ష వాటా ఎక్కువున్న సీసా తీయండి. సిగార్ సగానికొచ్చాక ఇంకోసారి రుచి చూడటం మర్చిపోవద్దు. అప్పటికి పొగ ముదురుతుంది, మొదట్లో బాగున్న వైన్ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అక్కడ కూడా నిలిచిన సీసానే మళ్లీ కొనండి.