వెల్డింగ్ టార్చ్ వెలిగించే ముందు

ఆటోనగర్‌లో లారీ బాడీ పనికి దిగేముందు ఇవి చూసుకోండి.

ముందుగా డీజిల్ ట్యాంకు. ఖాళీదే అయినా లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి. కడిగి, ఆవిరి పూర్తిగా పోయిందని తేలాకే మంట దగ్గరకు తేవాలి. "ఏం కాదులే అన్నా" అనే మాట అస్సలు నమ్మొద్దు.

- రవ్వలు 35 అడుగుల దాకా ఎగురుతాయి. పీలికలు, థిన్నర్ డబ్బాలు దూరంగా పెట్టండి. పనయ్యాక కనీసం అరగంట కాపలా ఉండండి.
- ఆర్క్ వెల్డింగ్‌కు 10 లేదా 11 నంబరు నల్లద్దం, తోలు గ్లౌజులు.
- కాటన్ చొక్కా, నిండు చేతులది. బెజవాడ మే ఎండలో బనీనే హాయి, నిజమే. కానీ ఆర్క్ వెలుగు చర్మాన్నీ కాలుస్తుంది.
- ఆక్సిజన్ వాల్వుకు గ్రీజు తగలనివ్వొద్దు.
- జీఐ షీటు (జింకు పూత పూసిన ఇనుప రేకు) పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే. గాలాడేచోట చేయండి.