స్పానిష్‌లో పోయినవారిని ఏ మాటతో చెప్పాలి?

నెల్లూరులో పెద్దకర్మ కార్డు మీద పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని అచ్చు వేయిస్తాము. అదే మనిషి హైవే మీద లారీ కింద పడి పోయి ఉంటే, మరునాడు పత్రిక జిల్లా పేజీలో 'మృతుడు' అవుతాడు. ఇంట్లో నాయనమ్మ మాత్రం ఈ రెండు మాటలూ వాడదు, 'మీ తాత పోయిన ఏడు' అంటుంది. స్పానిష్ నేర్చుకునేవారు నిఘంటువు తెరిచే ముందు ఎవరు, ఎవరితో, ఎక్కడ చెబుతున్నారన్నది చూసుకోవాలి.

అన్నిటికంటే విరివిగా వినిపించేది 'మ్వెర్తో'. ఇది మనిషికి, పశువుకు, చెట్టుకు, చివరికి ఛార్జింగ్ అయిపోయిన బ్యాటరీకి కూడా చెల్లుతుంది. చావు శాశ్వతమే అయినా దీనికి ముందు శాశ్వత గుణాలకు వాడే 'ఎస్' (ఉన్నాడు/ఉంది) రాదు, స్థితిని చెప్పే 'ఎస్తా'తో 'ఎస్తా మ్వెర్తో' అనే అనాలి, ఎందుకంటే ఆ భాష చావును జరిగినదాని తరువాతి స్థితిగా చూస్తుంది. మొదట్లో నేను ఒక ఉత్తరంలో మా నాన్నగారిని 'మి పాద్రే మ్వెర్తో' అని రాసి, చదివినవారికి కళ్ళ ముందు శవం కనబడేలా చేశాను. అయితే ఈ మాట అన్నిచోట్లా మొరటు కాదు. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో, మన మహాలయ పక్షంలో వలె పెద్దలను తలచుకుని ఇష్టమైన వంటకాలు పెట్టే పండుగ పేరులోనూ, అప్పుడు చేసే తీపి రొట్టె 'పాన్ దె మ్వెర్తో' పేరులోనూ ఉన్నది ఇదే మాట.

నేను రాయవలసింది 'మి దిఫుంతో పాద్రే'. అమ్మగారైతే 'మి దిఫుంతా మాద్రే'. లాటిన్ మూలంలో దీనికి తన పని పూర్తిచేసుకున్నవాడు అని అర్థం. మన 'రుణం తీరిపోయింది' గుర్తుకు రాక మానదు. నవంబరు 2కు చర్చి పెట్టిన పేరులోనూ 'దిఫుంతోస్' ఉంది. లాటిన్ అమెరికా పల్లెల్లో పెద్దవారు ఇదే చోట 'ఫినాదో' అంటారు.

వార్తలకు, దరఖాస్తులకు 'ఫయెసీదో' సరిపోతుంది. ఇది మనుషులకే, పశువులకు వాడరు. హత్య జరిగితే పోలీసు కాగితాలలో 'ఒక్సీసో' కనబడుతుంది. 'కదావేర్' అంటే శవం మాత్రమే, సంతాపలేఖలో దాని జోలికి పోవద్దు.

నెల్లూరులో పన్నెండుగురు అమరుల సమాధులున్న బారా షహీద్ దర్గా గురించి స్పానిష్‌లో రాసేవారికి పై మాటలేవీ పనికిరావు. యుద్ధంలో నేలకొరిగినవారిని 'కయీదోస్' అంటారు, మతం కోసం ప్రాణమిచ్చినవారిని 'మార్తిరెస్' అంటారు. అక్కడి పన్నెండుగురికి రెండవది నప్పుతుంది. 1952 డిసెంబరు 15న నిరాహారదీక్షలో ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములుగారి పేరుకు ముందు 'దిఫుంతో' పెట్టడం పొరపాటు: అది ఈ మధ్యనే పోయినవారికి, లేదా మనకు స్వయంగా తెలిసినవారికి వాడే మాట. మనం 'అమరజీవి' అనే చోట అక్కడివారు 'మార్తిర్' అనవచ్చు, లేదా ఏ విశేషణమూ లేకుండా పేరు మాత్రమే రాయవచ్చు.